ఆపినా చల్లారని టీవీ

నా చిన్నప్పుడు మా పెదనాయన ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పబోయానో నాకే గుర్తు లేదు. పూర్తిగా విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మా అన్న పెళ్ళిలో మొదలుపెడితే వడ్డన మొదలైందని అందరూ లేచిపోయారు. మా నాయన పెద్దకర్మ రోజు చెప్పబోతే, ఇప్పుడా ఈ మాటలు అన్నారు. పోయిన ఏడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఓపిగ్గా మొత్తం రాసి పెట్టాను. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు శుభోదయం అంటూ పూలగుత్తి పెట్టారు. ఆ పూల కింద నా మాట మునిగిపోయింది.

మా వాళ్ళలో నన్ను ఇప్పటికీ చాటున 'చుక్కలోడు' అంటారు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దొంగతనంగా టీవీ పెట్టుకుని, బొమ్మ రాకపోయినా ఆ తెల్ల చుక్కల్నే చూస్తూ కూర్చునేవాణ్ణని కథ. నా పెళ్ళిలో మా అత్తగారివాళ్ళకు కూడా ఈ కథ చెప్పి నవ్వించారు. అది అబద్ధం. మా వాళ్ళలో అది అబద్ధమని తెలిసినవాళ్ళం మొదట నలుగురం. అందులో ఇద్దరు పోయారు. మిగిలింది నేనూ, మా పెదనాయనా. అందుకే ఇక్కడ మొదటినుంచీ రాస్తున్నాను.

మాది యర్రగొండపాలెం దాటినాక అడవి అంచున ఉన్న పల్లె. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే ఉండేది. ఆరో తరగతికి నన్ను మార్కాపురంలో మా పెదనాయన ఇంట్లో పెట్టారు. పెదనాయనకు ఊరి బయట పలకల ఫ్యాక్టరీ ఉండేది. ఆయన కొడుకు, అంటే మా అన్న, గుంటూరులో హాస్టల్లో ఉండి చదివేవాడు. ఇంట్లో పెదనాయన, పెద్దమ్మ, నేను. అంతే. మా ప్రాంతం వేరే జిల్లాలో కలిసి పదేళ్ళు దాటినా మా నాయన నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వచ్చేది. కంది, ఆముదం వేసుకుని వానకోసం మొగం పైకెత్తి చూసే మనిషి. నన్ను బస్సెక్కించేటప్పుడు ఒకటే చెప్పాడు. "మీ పెదనాయనకు ఎదురు చెప్పొద్దు. ఆ ఇల్లు కాదంటే మనకు ఇంకో ఇల్లు లేదు." కంచంలో మారు అన్నం అడగాలన్నా ఆ మాటే గుర్తొచ్చేది.

నేను పోయిన కొన్నాళ్ళకే ఆ ఇంటికి టీవీ వచ్చింది. పలకలు కొనే వ్యాపారి ఒకాయన మద్రాసులో ఓడల్లో దిగిన సామాను అమ్మే బజారులో దాన్ని చూసి, పెదనాయన కోసం తెచ్చాడు. పైదేశంలో తయారైన పాత సెట్టు. మన బీరువాలాగా నున్నటి చెక్క పెట్టె, ముందు రెండు తలుపులు, లోపల గాజు బల్బుల్లాంటి వాల్వులు. మిద్దె మీద ఇనుప గొట్టానికి ఏరియల్ కట్టారు. గాలి మారితే బొమ్మ మారేది. అయినా మా వీధికి అదే మొదటి టీవీ.

అందరి టీవీలకూ లేని గొప్ప దానికి ఒకటుండేది. బ్యాంకు మేనేజరుగారింట్లో టీవీ పెడితే ముందు చీకటి, తర్వాత ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు మాట, ఇంకాసేపటికి బొమ్మ. వాల్వులు కాగాలి కదా. మా పెదనాయన టీవీ అట్లా కాదు. మీట నొక్కీ నొక్కకముందే బొమ్మ కళ్ళముందు నిలబడేది. ఇంటికొచ్చిన వాళ్ళను ముందు కూర్చోబెట్టి, "లెక్కపెట్టుకో. ఒకటి అనేలోగా వస్తుంది చూడు" అనేవాడు. వచ్చేది. ఆయన మొహంలో ఆ క్షణం కనిపించే వెలుగు టీవీలో కూడా ఉండేది కాదు.

తెచ్చిన వ్యాపారి పోతూ పోతూ ఒక షరతు చెప్పాడు. టీవీకున్న మీటతో ఆపుకోవచ్చు కానీ, గోడకున్న స్విచ్చి మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఆపితే ఈ గొప్ప పోతుంది, అందరి టీవీల్లాగే ఆలస్యంగా వస్తుంది. ఎందుకని పెదనాయన అడగలేదు. ఆ గోడ స్విచ్చి మీద ఎర్ర టేపు నాలుగు చుట్లు అంటించాడు. దాని జోలికి ఎవరైనా పోతే చెయ్యి విరుస్తానన్నాడు. ఇల్లు ఊడ్చేటప్పుడు పెద్దమ్మ కూడా ఆ స్విచ్చిని తగలనిచ్చేది కాదు.

చలికాలం మొదట్లో నా పరీక్ష మార్కులు వచ్చాయి. లెక్కల్లో బాగా తగ్గాయి. నాకు లెక్కలు చెప్పే అయ్యవారు మారినందుకు తగ్గాయని నేను ఇప్పటికీ అంటాను. కానీ పెదనాయనకు టీ అంగట్లో ఎవరో ఇంకో కారణం చెప్పారు. మనం లేనప్పుడు పిల్లలు టీవీ చూస్తారు, మనం వచ్చే అలికిడికి ఆపేస్తారు, ఇంటికి పోగానే టీవీ నెత్తిన చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే అని. ఆ రోజుల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పరీక్ష అది.

ఆ రోజు సాయంత్రం పెదనాయన ఫ్యాక్టరీనుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా నేరుగా టీవీ దగ్గరికి పోయి దాని నెత్తిన అరచెయ్యి ఆనించాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటున్నాను. ఆయన చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగాడు.

"ఎంతసేపు చూసినావు రా?"

నాకు అర్థం కాలేదు. మా బడికి గదులు చాలక రెండు పూటలుగా నడిపేవాళ్ళు. మాది పొద్దుటి పూట. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిన్నాక నేను ఒక్కణ్ణే. పెద్దమ్మ లోపలి గదిలో కునుకు తీసేది. అంటే టీవీ చూడగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనే. చూడలేదని చెప్పాను. పెట్టె వేడిగా ఉందన్నాడు. పెద్దమ్మను పిలిచి, వీడు టీవీ పెట్టినాడా అని మాత్రం అడిగాడు. నేను నిద్రపోతా ఉంటి, నాకేం తెలుసు అందామె. నేను భయం భయంగానే నాకు తోచిన న్యాయం చెప్పాను.

"పగలు టీవీలో ఏమీ రాదు గదా పెదనాయనా. ఏం చూస్తా?"

"ఏమీ రానప్పుడు చుక్కలొస్తాయి గదా. అవి చూస్తా కూర్చున్నావేమో."

వాకిట్లో నిలబడిన పక్కింటి పిల్లలు పకపకా నవ్వారు. నా పేరు అక్కడ పుట్టింది.

మరుసటి రోజూ వేడిగానే ఉంది. ఆ మరుసటి రోజూ అంతే. పెదనాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. సాయంత్రం టీవీ పెట్టేటప్పుడు నన్ను గడప బయట చెప్పులు విడిచేచోట కూర్చోమన్నాడు. పక్కింటి పిల్లలు నా పక్కనే చెప్పులు వదిలి లోపలికి పోయేవాళ్ళు. "పగలంతా చూసినావు గదా చుక్కలోడా, ఇప్పుడు మేం చూస్తాంలే" అని ఒక పిల్ల అనేది. ఆమె ఇప్పుడు గిద్దలూరులో ఉంది. మనవరాళ్ళు కూడా ఉన్నారు. కనిపిస్తే నేను పలకరించను.

నాకు అప్పటినుంచి మధ్యాహ్నం అంటే భయం పట్టుకుంది. బడినుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి, ముందు టీవీ నెత్తిన చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. వెచ్చగా ఉండేది. కొత్తగా ఈనిన బర్రె పక్కలో చెయ్యి పెట్టినట్టు ఉండేది. ఎవరూ ముట్టుకోని పెట్టెకు ఈ వేడి ఎక్కడిది? నాకు తెలియకుండా నేనే పెడుతున్నానేమో అని కూడా అనుమానం వచ్చింది. పదకొండేళ్ళవాడికి ఎన్ని అనుమానాలు రావాలో అన్నీ వచ్చాయి. ఎండలో గుండ్రాయి కాగినట్టు కాగుతుందేమోనని కిటికీ తలుపులు మూసేశాను. అయినా కాగింది.

మధ్యలో ఎప్పుడైనా మధ్యాహ్నం కరెంటు పోతే, సాయంత్రానికి టీవీ చల్లగా ఉండేది. ఆ రోజు నాకు పండగ. కానీ పెదనాయన దాన్నీ నాకు అనుకూలంగా తీసుకోలేదు. "కరెంటు లేదు కాబట్టి చూడలేకపోయినాడు. లేకుంటే వదుల్తాడా?" అన్నాడు. ఏం జరిగినా అది నా తప్పుకే సాక్ష్యం. అయినా ఊరంతా కరెంటు పోకూడదని కోరుకుంటుంటే పోవాలని మొక్కుకున్నవాణ్ణి మార్కాపురంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మొక్కులు పనిచెయ్యలేదు. ఒకరోజు నేనే ఒక ఉపాయం చేశాను. తువ్వాలు తడిపి, పిండి, టీవీ నెత్తిన పరిచి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టాను. జ్వరమొస్తే మా అమ్మ నా నుదుటికి అట్లాగే చేసేది. కాసేపటికి చల్లబడినట్టు అనిపించేది, చెయ్యి తీసి మళ్ళీ పెడితే వెచ్చగా తగిలేది. ఇంకోసారి తడిపాను. నీళ్ళు చెక్కమీదినుంచి కారి వెనక జాలీ దగ్గర బొట్లు బొట్లుగా నిలిచాయి. లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు నాకు ఒకటే ఆత్రం, ఆయన వచ్చేలోగా అది చల్లారాలి. ఆ రోజే ఆయన ఏదో కాగితం మరిచిపోయి పెందలాడే వచ్చాడు.

నా చేతిలో విసనకర్ర, టీవీ నెత్తిన తడి తువ్వాలు. నేను ఏం చెప్పినా ఎవరు వింటారు? పెదనాయన దగ్గరికి వచ్చాడు. తువ్వాలు తీసి నా భుజాన వేశాడు.

"చూసేది చాలక, ఆనవాలు కూడా తుడుస్తా ఉండావా? నీ వయసుకు ఇంత తెలివి వద్దు నాయనా. మీ నాయనకు కార్డు రాస్తాను. వచ్చి తీసుకపోతాడు."

కార్డు నా ముందే రాశాడు. పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికే ఇచ్చాడు. వేశాను. వెయ్యకుండా చింపేసి ఉండొచ్చు. నా నిజాయితీకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ డబ్బా ముందు నిలబడి, నేను ఇక ఏడో తరగతి మొహం చూడనని, ఊరికి పోయి గొర్ల వెంట తిరగాల్సిందేనని అనుకున్నాను. మా నాయన అందరి ముందూ తల దించుకుంటాడని కూడా అనుకున్నాను. రెండోదే ఎక్కువ బాధ పెట్టింది.

నాయన వచ్చేలోగా ఒక మధ్యాహ్నం మీటరు రీడింగు తీసే మామ వచ్చాడు. ఆయన నెలా రెండు నెలలకోసారి వచ్చేవాడు. వీధిలో పిల్లలందరికీ ఆయన మామే. వసారాలో గోడకు చెక్కమీద మీటరు ఉండేది. దానికింద ముక్కాలి పీట వేసుకుని ఎక్కి, అద్దంలోకి చూసి అంకెలు రాసుకునేవాడు. ఆ రోజు రాసుకున్నాక కూడా దిగలేదు.

"ఇంట్లో ఏం నడుస్తా ఉంది అబ్బాయ్?"

"ఏమీ లేదు మామా."

"అబద్ధం చెప్పొద్దు."

అప్పటికి ఎన్ని రోజులుగా ఆపుకున్నానో, ఆ మాటతో కట్ట తెగింది. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. దారినపోయే ఆయన కూడా నన్ను అబద్ధాలకోరు అంటున్నాడని. ఆయన కంగారుపడి పీట దిగాడు. "నేను నిన్ను కాదులేబ్బా అన్నది. ఏమీ నడవకుంటే ఆ చక్రం తిరగదు గదా, అందుకని అంటి" అని, నా రెక్క పట్టుకుని పీట ఎక్కించి మీటరు చూపించాడు. లోపల పళ్ళెం లాంటి సన్నటి చక్రం పడుకుని తిరుగుతోంది. దాని అంచున ఒక నల్ల గుర్తు. అది చాలా నెమ్మదిగా వచ్చి, అద్దం ముందునుంచి దాటి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది.

నేను జరిగినదంతా చెప్పాను. ఆయన సైకిలు గోడకు ఆనించి, నీళ్ళు అడిగి తాగి, మొత్తం విన్నాడు. నేను చెప్పింది మొదటినుంచీ చివరిదాకా విన్న మనిషి నా జీవితంలో ఆయన ఒక్కడే అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. విన్నాక ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటి ఆపి రమ్మన్నాడు. పెద్దమ్మ గదిలో ఫ్యాను తిరగడం లేదు, చలికాలం. దేవుడి దగ్గర చిన్న బల్బు ఆపాను. రేడియో ప్లగ్గు తీశాను. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇంకా ఏదో ఒకటి మింగతా ఉంది. అది ఏందో నీకు తెలుసు, నాకూ తెలుసు" అని ఆయన లోపలికి వచ్చి, గోడ స్విచ్చికి అంటించిన ఎర్ర టేపును గోటితో మెల్లగా విప్పాడు. పెదనాయన విరుస్తానన్నది నా చెయ్యి, మామ చెయ్యి కాదు. ఆయన నన్ను వసారాలోకి పోయి చక్రం చూడమన్నాడు. నేను పీట ఎక్కాను. నల్ల గుర్తు సగం దారిలో ఉంది. లోపల టక్కున చప్పుడైంది. గుర్తు ఇంకొంచెం జరిగి, అక్కడే నిలబడిపోయింది. మళ్ళీ టక్కుమంది. కదిలింది. మూడుసార్లు అట్లా చేశాడు. మూడుసార్లూ అదే.

తర్వాత ఆయన వసారా మెట్టుమీద కూర్చుని నాకు విడమరిచి చెప్పాడు. వాల్వులు కాగితే తప్ప పనిచెయ్యవు. కాగడానికి టైము పడుతుంది. ఈ టీవీ చేసినవాళ్ళు, చూసేవాళ్ళు ఆ టైము ఆగలేరని, మీట ఆపినా లోపల వాల్వులకు కొంచెం కరెంటు పోతూ ఉండేట్టు పెట్టారు. రాత్రి వంటయ్యాక పొయ్యిలో నిప్పుమీద బూడిద కప్పి పెడతారే, పొద్దున ఊదితే అంటుకోవాలని, అట్లా. బొమ్మ ఆరిపోయింది కాబట్టి టీవీ ఆగిపోయిందని మనం అనుకుంటాం. అది సగం ఆగింది, అంతే.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నేను కాదు. ఆ పెట్టె. పెదనాయనకు నువ్వే చెప్పు మామా అని ఆయన సైకిలు పట్టుకుని వేలాడాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్తే, కరెంటాఫీసోడికి మా టీవీ మీద కన్నుపడింది అనుకుంటాడు. నువ్వు చెప్తే తప్పించుకునేదానికి కత నేర్చుకున్నాడంటాడు. మీ పెదనాయన ఎవుర్ని నమ్ముతాడు? తన చేతిని నమ్ముతాడు. ఆ చేతితోనే తెలియాల. ఇంట్లో ఎవురూ లేకుండా చేసి, తాళం ఆయన దగ్గరే ఉండేటట్టు చూసి, అప్పుడు చెయ్యి పెట్టమను. నోరు ఎత్తద్దు."

పోతూ ఎర్ర టేపును మళ్ళీ నాలుగు చుట్లూ సరిగ్గా అంటించి పోయాడు. తీసినట్టు ఎవరికీ తెలియలేదు.

నాయన రెండు రోజుల తర్వాత పొద్దున్నే బస్సులో వచ్చాడు. తువ్వాలు చంకలో పెట్టుకుని గడప లోపల ఒక పక్కగా నిలబడ్డాడు. పెదనాయన మొత్తం చెప్పాడు, తడి తువ్వాలు సంగతి రెండుసార్లు చెప్పాడు. నాయన తల దించుకుని విన్నాడు. నా వైపు చూడలేదు. నా సంచి అప్పటికే సర్ది గోడ పక్కన పెట్టి ఉంది. మధ్యాహ్నం బస్సుకు పోవాలి.

అప్పుడు పెదనాయనను నేనే అడిగాను. ఈ రోజంతా ఇంట్లో ఎవరూ ఉండొద్దు, నన్నూ నాయననూ పెద్దమ్మనూ ఫ్యాక్టరీకి తీసుకపో, తాళంచెవి నీ మొలతాడుకే కట్టుకో, సాయంత్రం వచ్చి చెయ్యి పెట్టు, చల్లగా ఉంటే నేను పోతాను అని. పెదనాయన నవ్వాడు.

"ఏంది, నాకే పరీక్ష పెడతా ఉండావా?"

అప్పుడు నాయన నోరు విప్పాడు. "పోదాం పా అన్నా. నేను కూడా మీ పలకలు చూసి చానా రోజులాయ. రేపటి బస్సుకు పోతాంలే." అంత మెల్లగా అన్న మాటకు పెదనాయన ఎందుకో కాదనలేకపోయాడు. స్విచ్చి మీది టేపు తానే చూసుకున్నాడు. పెట్టె తలుపులు మూశాడు. ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు.

ఫ్యాక్టరీలో ఆ రోజు ఎట్లా గడిచిందో నాకు గంట గంటా గుర్తుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగిస్తున్నారు. పెద్దమ్మ వాళ్ళతో మాటల్లో పడింది. నాయన ఒక పలక తీసుకుని వేలితో తడుముతూ తిరుగుతున్నాడు. నేను మాత్రం రాయి కోసే మిషను ముందునుంచి కదల్లేదు. నల్లటి రాతిదుమ్ము మొహాన పడుతున్నా కదల్లేదు. అది నడిచినంతసేపూ కరెంటు ఉన్నట్టు. కరెంటు ఉంటేనే ఇంట్లో పెట్టె వెచ్చగా ఉంటుంది. పోతే చల్లారిపోతుంది, నా బతుకు కూడా. ఇన్నాళ్ళూ పోవాలని మొక్కినవాణ్ణి ఆ రోజు పోకూడదని అన్ని దేవుళ్ళకూ మొక్కాను.

భోజనాలయ్యాక మిషను ఆగిపోయింది.

చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి నా చెవులు గుయ్యిమన్నాయి. కరెంటు పోయింది, ఇంక సాయంత్రానికే అన్నాడు మిషను నడిపే ఆయన, బీడీ ముట్టించుకుంటూ. నేను వెళ్ళి రాళ్ళ కుప్ప వెనక కూర్చున్నాను. ఆ పెట్టె ఎంతసేపట్లో చల్లారుతుంది? మీటరు మామను అడగలేదే. చెక్క మందంగా ఉంటుంది కదా, వేడి కొంచెమైనా ఆగుతుంది కదా. కాసేపటికి నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. ఆయన చేతిలో పలక ఉంది. దాన్ని తన తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు. మిషను మళ్ళీ నడిచేదాకా అట్లాగే కూర్చున్నాడు. అది నడిచేసరికి పొద్దు బాగా వాలింది. మేం ఇంటికి బయల్దేరడానికి గంట మాత్రమే ఉంది.

పెదనాయన తాళం తీశాడు. ఈసారి చెప్పులు విడిచి లోపలికి పోయాడు. మేం ముగ్గురం వెనకాల. ఆయన టీవీ నెత్తిన అరచెయ్యి ఆనించాడు. ఆనించి అట్లాగే నిలబడ్డాడు. ఎంతసేపని అడిగితే, నా ఊపిరి పట్టి ఉంచగలిగినంతసేపు. చెయ్యి కొంచెం పక్కకు జరిపి మళ్ళీ ఆనించాడు. తర్వాత మా నాయన పోయి చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ కూడా పెట్టింది. అప్పుడు నేను పెట్టాను. రోజూ ఉన్నంత లేదు. కానీ వెచ్చగా ఉంది. తాళం వేసిన ఇంట్లో, తలుపులు మూసిన పెట్టె, వెచ్చగా ఉంది.

పెదనాయన చెయ్యి తీసి పంచె అంచుకు తుడుచుకుంటూ, ముందు నాయన మొహం, తర్వాత పెద్దమ్మ మొహం చూశాడు. వంటింటి వైపు తిరిగి, "కాఫీ పెట్టు. వాడికి కూడా" అన్నాడు పెద్దమ్మతో. అంతే. అక్కడినుంచి మిద్దె మీదికి పోయాడు. నా సంచి ఎవరు విప్పారో తెలియదు, పొద్దున్నకల్లా నా బట్టలు మళ్ళీ గూట్లో ఉన్నాయి. నాయన ఒక్కడే బస్సెక్కి పోయాడు. నేను ఆ ఇంట్లోనే ఉండి పదో తరగతి దాకా చదివాను. నన్ను గడప బయట కూర్చోమని మళ్ళీ అనలేదు. పెదనాయన టీవీ నెత్తిన మళ్ళీ చెయ్యి పెట్టలేదు. కానీ నువ్వు చూడలేదురా అని కూడా అనలేదు. ఆ చుక్కల కథ మాత్రం ఆగలేదు. చెప్పి చెప్పి ఆయనకే అది నిజమైపోయిందేమో.

పెద్దమ్మ చనిపోవడానికి ఒక ఏడాది ముందు నేను పోయి చూశాను. మాటల మధ్యలో ఆ టీవీ గురించి ఎత్తితే ఆమె నవ్వింది. పొద్దున పూట దుమ్ము తుడిచేటప్పుడు కూడా అది వెచ్చగానే ఉండేదని, చలికి తాను చేతులు దానిమీద కాచుకునేదాన్నని చెప్పింది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అన్నాను.

"నన్నెవురు అడిగినారు రా?" అంది.

ఆమె మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చాక తగ్గింది. నన్ను అడిగి నమ్మలేదు, ఆమెనైతే ఆ వేడి సంగతి అడగనే లేదు. ఎవరిది పెద్ద బాధో నేను తేల్చలేకపోయాను.

నేను గ్రూపులో రాసింది సగం చదివి వదిలేసిన మా అన్నకు ఇదంతా వేళాకోళం. "నువ్వు కూడా ఆ టీవీ మాదిరే రా. ఎప్పుడో ఆపినాం, ఇంకా కాగుతానే ఉండావు" అంటాడు. అననీ. నాకు అర్జీలు పెట్టేవాడని పేరుంది, నిజమే. మా వీధి కుళాయిలో వచ్చే నీళ్ళ గురించి ఎన్నో కాగితాలు పెట్టాను. ఎవరూ కదలకపోతే, వచ్చిన అధికారిని చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించి, ఆ నీళ్ళు ఆయన దోసిట్లోనే పట్టించాను. నేను ఏమీ మాట్లాడలేదు. వారంలో గొట్టం మార్చారు. నా పిల్లలు ఏదైనా చెయ్యలేదని చెబితే, నా కళ్ళకు కనిపించినదాన్ని కూడా ఒకసారి పక్కన పెట్టి, ఇది ఇంకెట్లా జరిగి ఉండొచ్చని ఆలోచించాను. ఒకసారి ఆలోచించకుండా నా చిన్నవాడి మీద చెయ్యి ఎత్తాను. తర్వాత వాడి ముందు కూర్చుని, తప్పు నాదిరా అని చెప్పాను. ఆ మాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అంత కష్టమైనా అనొచ్చని కూడా తెలుసు. ఇదంతా ఒక మీటరు మామ మెట్టుమీద కూర్చుని నేర్పించింది. ఆయన ఆ తర్వాత వేరే ఊరికి మారిపోయాడు. పేరు అడగలేదు.

పోయిన నెల మార్కాపురం పోయి పెదనాయనను చూసి వచ్చాను. ఎనభై దాటాయి. చెవులు తగ్గాయి కానీ వినపడవలసినవి వినపడుతున్నాయి. పక్కన ఎవరూ లేకుండా చూసి, టీవీ సంగతి అడిగాను. నా వైపు ఒక్కసారి చూసి, "పొద్దున బస్సులో సీటు దొరికిందా?" అన్నాడు. రెండోసారి అడిగాను. నిద్ర వస్తోందన్నాడు. తిరిగొచ్చే బస్సులో నాకు భయం వేసింది. చిన్నప్పుడు వేసినట్టే. ఈయన కూడా పోతే, ఆ రోజు సాయంత్రం ఆ ఇంట్లో ఏం తేలిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగులుతాను. ఒక్కడి మాట ఎవరు వింటారు?

ఇది అచ్చయ్యాక మా అన్న కూతురు పెదనాయనకు చదివి వినిపిస్తానంది. అందుకని ఇక్కడే అడుగుతున్నాను. పెదనాయనా, నాకు క్షమాపణ వద్దు. నువ్వు నాకు తిండి పెట్టి చదివించినావు, అది నేను ఎక్కడా కాదనలేదు. నువ్వు చెయ్యి తీసిన తర్వాత మా నాయన మొహం చూసినావు. పెద్దమ్మ మొహం చూసినావు. నేను నీ మోచేతి పక్కనే నిలబడి ఉన్నాను. నా మొహం ఎందుకు చూడలేదో చెప్పు. ఫోను మా అన్న కూతురు కలుపుతుంది. నేను ఎత్తుతాను.